నోటి క్యాన్సర్ దవడ ఎముకలోకి ఎలా దిగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

రిపోర్టులో "దవడ ఎముక వరకు పాకింది" అన్న మాట కనిపించగానే ఇంట్లో అందరికీ వచ్చే సందేహం ఒకటే. మెత్తటి చిగురు మీద పుట్టిన పుండు అంత గట్టి ఎముకలోకి ఎలా వెళ్లగలిగింది? దీనికి సైన్సు దగ్గర చాలావరకు స్పష్టమైన జవాబే ఉంది. అది తెలిస్తే డాక్టర్లు అంత ఎముక ఎందుకు తీస్తామంటున్నారో, ఎక్స్‌రే బాగుందన్నా మళ్లీ స్కాన్ ఎందుకు రాస్తున్నారో అర్థమవుతుంది. రోగులు, వాళ్ల ఇంటివాళ్లు, డెంటల్, నర్సింగ్ విద్యార్థులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాం. మీ వైద్యం గురించిన నిర్ణయం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడే తీసుకోండి.

ఇక్కడ చెబుతున్నది ఏ క్యాన్సర్ గురించి?

నోటిలో వచ్చే క్యాన్సర్లలో దాదాపు పదింట తొమ్మిది స్క్వేమస్ సెల్ కార్సినోమా రకానివే. నోటి లోపల పరుచుకుని ఉండే పై పొర కణాల్లో ఇది పుడుతుంది. ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలిచ్చే గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఒక్క ఏడాదే పెదవి, నోటి క్యాన్సర్లు సుమారు 1,43,000 మందికి కొత్తగా వచ్చాయి. మన దేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే.

పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా నాలుక మీద, నాలుక కింద వస్తుంది. మన దగ్గర ఖైనీ, గుట్కా, వక్కపొడి బుగ్గన పెట్టుకుని గంటల తరబడి ఉంచుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి బుగ్గ లోపలి వైపు, కింది చిగురు, ఆ రెండింటి మధ్య సందు దెబ్బతింటాయి. దవడ ఎముక సమస్య మన రోగుల్లో ఇంతగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. చిగురు కింద కండగానీ కొవ్వుగానీ ఉండదు. చిగురు నేరుగా ఎముక పైపొరకు అతుక్కుని ఉంటుంది, మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే.

క్యాన్సర్ కణమే ఎముకను కొరికి తినేస్తుందా?

చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి ఎముకను కరిగించే పనిముట్లు క్యాన్సర్ కణం దగ్గర పెద్దగా లేవు. ఎముకలో సగానికి పైగా బరువు కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన గట్టి ఖనిజానిది. దాన్ని కరిగించాలంటే గాఢమైన ఆమ్లం కావాలి. ఆ పని చేయగలిగే కణం మన శరీరంలో ఒకటే ఉంది. దాని పేరు ఆస్టియోక్లాస్ట్. అది మన సొంత కణం, మనకు రోజూ అవసరమైన కణం. క్యాన్సర్ దాన్ని తనవైపు తిప్పుకుంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ జరిగేది సరిగ్గా అదే. బయటివాడు గోడ దగ్గర నిలబడతాడు, గోడ తవ్విపెట్టేది ఇంట్లోవాడే.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పబోయేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆస్టియోక్లాస్ట్ అసలు చేసే పనేమిటి? ఎముకను ఎలా కరిగిస్తుంది?

ఎముక రాయిలా మారకుండా పడి ఉంటుందనుకుంటాం. అది నిత్యం మరమ్మతు జరిగే కణజాలం. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం పాతది పోయి కొత్తది వస్తుంది. పాతదాన్ని తీసేది ఆస్టియోక్లాస్ట్, కొత్తది కట్టేది ఆస్టియోబ్లాస్ట్. ఇద్దరూ ఒకరికొకరు కబుర్లు పంపుకుంటూ లెక్క సరిచూసుకుంటారు.

ఆస్టియోక్లాస్ట్ పుట్టుక కూడా విచిత్రమే. రక్తంలో తిరిగే మోనోసైట్ జాతి కణాలు ఎముక దగ్గరికి వచ్చి, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒకే పెద్ద కణం అవుతాయి. అందుకే ఒక్కో దానిలో ఐదు, పది, ఇరవై కేంద్రకాలు కూడా కనిపిస్తాయి. అది ఎముక ఉపరితలం మీద వాలి, ఆల్ఫా-వి-బీటా-3 అనే ఇంటిగ్రిన్‌తో (పట్టు ఇచ్చే ప్రోటీనుతో) చుట్టూ గట్టిగా అతుక్కుంటుంది. మధ్యలో మూసుకుపోయిన చిన్న ఖాళీ ఏర్పడుతుంది. కార్బానిక్ అన్‌హైడ్రేజ్-2 అనే ఎంజైము కణం లోపల హైడ్రోజన్ అయాన్లు తయారు చేస్తే, ప్రోటాన్ పంపు వాటిని ఆ ఖాళీలోకి తోస్తుంది. వెంట క్లోరైడ్ కూడా వెళ్తుంది. అంటే అక్కడ తయారయ్యేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పీహెచ్ సుమారు 4.5కి పడిపోతుంది, ఖనిజం కరుగుతుంది. బయటపడిన కొల్లాజెన్ పోగుల్ని కెథెప్సిన్-కె అనే ఎంజైము ముక్కలు చేస్తుంది. పని అయ్యాక ఎముకలో చిన్న గుంట మిగులుతుంది. దానికి హౌషిప్ లాక్యునా అని పేరు.

ఎముక పట్టిన రోగి స్లైడును మైక్రోస్కోపు కింద పెడితే ఈ కథంతా కళ్లముందు కనిపిస్తుంది. గులాబీ రంగు ఎముక అంచు నున్నగా ఉండాల్సింది గుంటలు గుంటలుగా ఉంటుంది. ఆ గుంటల్లో కేంద్రకాలు గుత్తులుగా ఉన్న పెద్ద కణాలు కూర్చుని ఉంటాయి. వాటి వెనక సన్నటి పీచు కణజాలం పట్టీ, ఆ పట్టీకి అవతల క్యాన్సర్ కణాల గుంపులు. చాలా స్లైడుల్లో ఎముకను తాకి ఉన్నది క్యాన్సర్ కాదు, ఆస్టియోక్లాస్టే.

ఆస్టియోక్లాస్టుకు పని మొదలుపెట్టమని ఎవరు చెబుతారు?

మొత్తం వ్యవహారానికి కీలకం ఈ ప్రశ్నలోనే ఉంది. జవాబులో మూడు పేర్లున్నాయి: ర్యాంక్‌ఎల్, ర్యాంక్, ఆస్టియోప్రొటెజెరిన్.

ర్యాంక్‌ఎల్ ఒక ప్రోటీను. మామూలుగా దీన్ని ఆస్టియోబ్లాస్టులు, ఎముకలో పాతుకుపోయి ఉండే ఆస్టియోసైట్లు, మజ్జలోని ఆధార కణాలు తయారు చేస్తాయి. ర్యాంక్ అనేది ఆస్టియోక్లాస్టుగా మారబోయే కణం పైన ఉండే రిసెప్టర్, అంటే కబురు అందుకునే ప్రోటీను. ర్యాంక్‌ఎల్ వచ్చి ర్యాంక్‌కు తగిలితే లోపల ట్రాఫ్-6 అనే ప్రోటీను కదులుతుంది. అక్కడినుంచి ఎన్‌ఎఫ్-కప్పా-బి, సి-ఫాస్ అనే ప్రోటీన్లు మేల్కొంటాయి. చివరికి ఎన్‌ఫాట్-సి1 అనే ముఖ్య స్విచ్ పడుతుంది. అప్పుడు కణాలు కలిసిపోవడానికి, ఆమ్లం పంపు చేయడానికి, కెథెప్సిన్-కె తయారుచేయడానికి కావలసిన జీన్లన్నీ పని మొదలుపెడతాయి. ఆ కణాలు బతికి ఉండటానికి ఎమ్-సీఎస్‌ఎఫ్ అనే మరో కబురు కూడా కావాలి.

మూడోది ఆస్టియోప్రొటెజెరిన్. ఇది కళ్లెం లాంటి ప్రోటీను. ర్యాంక్‌ఎల్‌ను మధ్యలోనే పట్టేసుకుని ర్యాంక్ దాకా పోనివ్వదు. కాబట్టి ఎముక ఉంటుందా కరుగుతుందా అన్నది ర్యాంక్‌ఎల్ ఎక్కువుందా, ఆస్టియోప్రొటెజెరిన్ ఎక్కువుందా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ ప్రోటీన్లన్నీ 1997, 1998 ప్రాంతాల్లో అమెరికా, జపాన్ ప్రయోగశాలల్లో వెలుగుచూశాయి. జపాన్ వైపు ఈ పనిలో ముందున్నది స్నో బ్రాండ్ అనే పాల కంపెనీ పరిశోధన విభాగం.

ఒక చిన్న మాట. ఆస్టియోప్రొటెజెరిన్‌ను పుస్తకాల్లో "ఓపీజీ" అని పొట్టిగా రాస్తారు. డెంటల్ ఆసుపత్రిలో ఓపీజీ తీయించుకు రమ్మంటే మాత్రం అది మొత్తం దవడ కనిపించే ఎక్స్‌రే.

మరి క్యాన్సర్ ఈ లెక్కను ఎలా తారుమారు చేస్తుంది?

ఒక్క దారిలో కాదు. స్క్వేమస్ కణాలు కొన్ని తామే ర్యాంక్‌ఎల్ తయారు చేస్తాయి. అంతకంటే ఎక్కువ నష్టం చేసేది, అవి పక్కనున్న ఆస్టియోబ్లాస్టుల చేత, ఆధార కణాల చేత ర్యాంక్‌ఎల్ ఎక్కువగా చేయించడం. దానితోపాటు ఆస్టియోప్రొటెజెరిన్ తగ్గిపోయేలా చేస్తాయి. అంటే పురమాయింపు పెరుగుతుంది, కళ్లెం వదులవుతుంది.

ఆ పని చేయించే రసాయనాల్లో ముందు చెప్పుకోవలసింది పీటీహెచ్‌ఆర్‌పీ. పారాథైరాయిడ్ హార్మోనును పోలిన ఈ ప్రోటీను 1987లో బయటపడింది. ఇది ఆస్టియోబ్లాస్టును తాకితే అది ర్యాంక్‌ఎల్ విడుదల పెంచుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు రసాయనాలు కూడా అదే వైపు తోస్తాయి. కాక్స్-2 ఎంజైము వల్ల పుట్టే ప్రోస్టాగ్లాండిన్-ఇ2 ఇంకొకటి. నోటి క్యాన్సర్ కణాలు సీఎక్స్‌సీఎల్-13 అనే కీమోకైన్‌ను (కణాలకు కబురు పంపే చిన్న ప్రోటీనును) విడుదల చేసి, మజ్జలోని ఆధార కణాల్లో ర్యాంక్‌ఎల్ పెంచుతాయని కూడా పరిశోధనల్లో తేలింది.

కుళ్లిన పళ్లు, గార, చిగుళ్ల వాపు ఉన్న నోటిలో వాపు రసాయనాలు ముందునుంచే ఎక్కువగా ఉంటాయి. చిగుళ్ల జబ్బులో పంటి చుట్టూ ఎముక కరిగేది కూడా ఇదే ర్యాంక్‌ఎల్ దారిలో. క్యాన్సర్ వచ్చేసరికి ఆ దారి అప్పటికే తెరిచి ఉంటుంది.

ఎముక కరిగితే క్యాన్సర్‌కు ఏం లాభం?

చోటు దొరుకుతుందని అనుకుంటాం. అది చిన్న లాభం. ఎముక కట్టేటప్పుడు ఆస్టియోబ్లాస్టులు అందులో పెరుగుదల కారకాలను దాచిపెడతాయి. టీజీఎఫ్-బీటా, ఇన్సులిన్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్, ఎముక కట్టమని చెప్పే బీఎంపీ ప్రోటీన్లు ఖనిజంలో నిద్రపోతూ ఉంటాయి. మామూలు మరమ్మతులో ఎముక కరిగినప్పుడు అవి బయటికొచ్చి, ఆ గుంటను మళ్లీ పూడ్చమని ఆస్టియోబ్లాస్టులకు కబురు చెబుతాయి. చక్కటి ఏర్పాటు.

క్యాన్సర్ పక్కనున్నప్పుడు ఆ కబురు దానికి అందుతుంది. టీజీఎఫ్-బీటా తగిలిన క్యాన్సర్ కణం పీటీహెచ్‌ఆర్‌పీ ఇంకా ఎక్కువ చేస్తుంది. దాంతో ర్యాంక్‌ఎల్ ఇంకా పెరుగుతుంది, ఆస్టియోక్లాస్టులు ఇంకా వస్తాయి, ఎముక ఇంకా కరుగుతుంది, టీజీఎఫ్-బీటా ఇంకా బయటపడుతుంది. ఎముకలో క్యాన్సర్ పరిశోధకులు దీన్ని విషవలయం అంటారు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు మొదట వివరించిన ఈ వలయమే దవడలోనూ నడుస్తుంది. చిగురు మీద నెలల తరబడి నెమ్మదిగా ఉన్న పుండు ఎముకలో దిగాక ఎందుకు జోరందుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి వివరణ నాకు కనిపించలేదు.

అసలు ఎముక దాకా ఎలా చేరుతుంది?

పై పొర కణాలు మామూలుగా ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీనుతో ఒకదానికొకటి అతుక్కుని, అడుగున బేస్‌మెంట్ పొర మీద నిలబడి ఉంటాయి. క్యాన్సర్‌లో స్నెయిల్, ట్విస్ట్ లాంటి ప్రోటీన్లు ఇ-క్యాడ్‌హెరిన్ జీన్‌ను అణచివేస్తాయి. కణాలు పట్టు వదిలి కదలగలిగే రూపం తెచ్చుకుంటాయి. దీన్ని ఈఎంటీ అంటారు. దీన్ని ప్రేరేపించేవాటిలో టీజీఎఫ్-బీటా మళ్లీ ముందుంటుంది. అడుగు పొరను, కింది కొల్లాజెన్‌ను కోయడానికి ఎమ్‌ఎమ్‌పీ-2, ఎమ్‌ఎమ్‌పీ-9, ఎమ్‌టీ1-ఎమ్‌ఎమ్‌పీ అనే ఎంజైములున్నాయి. ఈ ఎంజైములు మెత్తటి కణజాలాన్ని కోయగలవు. ఖనిజం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి ఆస్టియోక్లాస్టు సాయం కోరవలసిందే.

క్యాన్సర్ చుట్టూ చేరే ఫైబ్రోబ్లాస్టులు కూడా తక్కువేమీ కాదు. పైన చెప్పిన సన్నటి పీచు పట్టీలో ఉండేవి ఇవే. ర్యాంక్‌ఎల్, ఇంటర్‌ల్యూకిన్-6 తయారీలో వీటికీ వాటా ఉంది.

దవడలోకి ఏ చోటు నుంచి దిగుతుంది?

ఎక్కువగా పుండు ఎముకను తాకిన చోటునుంచే. పళ్లున్నవాళ్లలో పంటికి, ఎముకకు మధ్య ఉండే సన్నటి లిగమెంటు సందు ఒక సులువైన దారి. పళ్లు ఊడిపోయినవాళ్లలో దవడ గట్టు పైభాగంలో పెంకు (ఎముక గట్టి పైపొర) పలచబడి, చిన్న చిన్న రంధ్రాలు మిగిలి ఉంటాయి, అక్కడినుంచి దిగుతుంది. కింది దవడ లోపల నరం వెళ్లే కాలువ ఉంది. క్యాన్సర్ ఆ కాలువను అందుకుంటే నరం వెంటే ముందుకు పోగలదు. ఇంతకుముందు రేడియేషన్ తీసుకున్న దవడలో ఇలా ఒక చోటని చెప్పలేం, పలుచోట్ల ఒకేసారి దిగవచ్చు. అలాంటివాళ్లకు సర్జన్ ఎక్కువ ఎముక తీయడానికి అదే కారణం.

రిపోర్టులో "ఎరోసివ్", "ఇన్‌ఫిల్ట్రేటివ్" అని రాస్తారు. తేడా ఏమిటి?

ఎరోసివ్ రకంలో క్యాన్సర్ వెడల్పుగా, ఒకే వరసగా ముందుకు వస్తుంది. ఎముకకు, దానికి మధ్య పీచు పట్టీ, ఆ పట్టీ అంచున ఆస్టియోక్లాస్టులు స్పష్టంగా కనిపిస్తాయి. ఇన్‌ఫిల్ట్రేటివ్ రకంలో క్యాన్సర్ కణాలు వేళ్లలా, చిన్న చిన్న దీవుల్లా మజ్జ ఖాళీల్లోకి చొచ్చుకుపోతాయి. మధ్య పట్టీ ఉండదు. చుట్టూ క్యాన్సర్, నడుమ మిగిలిపోయిన ఎముక ముక్కలు కనిపిస్తాయి.

రెండోదే ప్రమాదకరం. అంచు ఎక్కడుందో చేతికి, కంటికి, స్కానుకు కూడా సరిగ్గా అందదు. తిరిగి వచ్చే అవకాశమూ ఎక్కువ. చాలామందిలో మొదటి రకంగా మొదలై, లోతు పెరిగేకొద్దీ రెండో రకంగా మారుతుందని భావిస్తారు. అందుకే క్యాన్సర్ ఎముక పైపెంకు దగ్గరే ఆగిందా, మజ్జలోకి దిగిందా అన్నది అంత ముఖ్యం.

ఎముక పడుతుందో లేదో ముందే చెప్పే జీన్ పరీక్ష ఉందా?

ఆసుపత్రిలో వాడదగ్గది ఇప్పటికి లేదు. మన దేశపు చిగురు, బుగ్గ క్యాన్సర్ల జీన్లను మాత్రం మనవాళ్లే లోతుగా చదివారు. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ఉన్న జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ, నవీ ముంబైలోని టాటా మెమోరియల్ వారి పరిశోధన కేంద్రం యాక్‌ట్రెక్ కలిసి చేసిన ఆ పని 2013లో వెలువడింది. టీపీ53, ఫ్యాట్1, క్యాస్ప్8, హెచ్‌రాస్, నాచ్1 జీన్లలో మార్పులు పదేపదే కనిపించాయి. వీటితోపాటు యూఎస్‌పీ9ఎక్స్, ఎమ్‌ఎల్‌ఎల్4, ఆరిడ్2 లాంటివి ఈ రకం క్యాన్సర్‌లో కొత్తగా బయటపడ్డాయి. ఇవి క్యాన్సర్ ఎలా పుడుతుందో చెబుతాయి. ఎముకలోకి దిగడం ఒక జీన్ మార్పుతో తేలే వ్యవహారం కాదు. అది క్యాన్సర్ కణం, ఫైబ్రోబ్లాస్టు, ఆస్టియోబ్లాస్టు, ఆస్టియోక్లాస్టు నలుగురూ కలిసి నడిపే పని.

మా అమ్మమ్మ ఊళ్లో అడ్డపొగ తాగేవాళ్లు. దానికీ ఎముకకూ సంబంధం ఉందా?

ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, చాలాకాలం నుంచి ఉంది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ప్రపంచంలో మిగతాచోట్ల అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణమని 1960లు, 70ల నుంచి ఆంధ్ర వైద్యులు రాస్తూనే ఉన్నారు. అంగిలి పొర వెనక ఉన్నది పై దవడ ఎముక, అదీ పలచటిది. అది కరిగితే ఆవల ముక్కు, సైనస్. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయని చెప్పే స్థితి దాకా ఆగకూడదు. అంగిలి తెల్లబడి, మధ్యలో ఎర్రమచ్చలు, పుండ్లు ఉంటే అప్పుడే చూపించాలి.

ఎముక పట్టిందని అనుమానించాల్సిన గుర్తులేవి?

కారణం లేకుండా ఒకటి రెండు పళ్లు కదలడం. పన్ను తీయించాక గుంట మూడు వారాలు దాటినా మానకుండా కండ పెరగడం. కట్టుడు పళ్ల సెట్టు ఉన్నట్టుండి సరిపోకపోవడం. అన్నిటికన్నా గట్టి గుర్తు కింది పెదవి, గడ్డం ఒక పక్క తిమ్మిరెక్కడం, అంటే దవడ లోపలి నరం దాకా వెళ్లి ఉండవచ్చు. పన్ను కదిలిందని పీకేసి మందులిచ్చి పంపిస్తే నెలలు వృథా అవుతాయి. పొగాకు, వక్క అలవాటున్న మనిషికి పన్ను కదిలితే పక్కనే చిగురు మీద పుండు ఉందేమో వేలు పెట్టి చూడాలని పళ్ల డాక్టర్లందరినీ గట్టిగా కోరుతున్నాం.

ఓపీజీ ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇక భయం లేనట్టేనా?

అలా అనుకోకండి. మామూలు ఎక్స్‌రేలో మార్పు కనిపించాలంటే ఆ చోట ఖనిజం 30 నుంచి 50 శాతం పోవాలి. ఆస్టియోక్లాస్టులు పని మొదలుపెట్టిన తొలి వారాల్లో ఎక్స్‌రే శుభ్రంగానే ఉంటుంది. పెంకు తెగిందా లేదా చూడటానికి సీటీ బాగా పనికొస్తుంది, మజ్జలోకి దిగిందా చూడటానికి ఎమ్మారై. డాక్టర్ రెండూ రాస్తే అందుకే.

ఎముక పడితే స్టేజ్ 4 అన్నారు. ఇక ఆశ లేదా?

ఈ మాట విని ఆసుపత్రి మానేసి ఇంటికెళ్లిపోయినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. క్యాన్సర్ దవడ పెంకును చీల్చుకుని లోపలికి వెళ్తే టీ4ఎ అంటారు (గడ్డ ఎంత పాకిందో చెప్పే గుర్తు "టీ"). వేరేచోటికి పాకకపోతే అది 4ఎ స్టేజ్. ఇది నయం చేయాలన్న ఉద్దేశంతోనే ఆపరేషన్ చేసే స్టేజ్. దూరపు అవయవాలకు పాకినదాన్ని 4సి అంటారు. రెండింటికీ ఉన్న అంకె ఒకటే, పరిస్థితి ఒకటి కాదు. చిగురు క్యాన్సర్ పంటి గుంట దగ్గర ఎముకను పైపైన మాత్రమే గీరితే అది టీ4 కిందికి రాదు కూడా.

ఎంత ఎముక తీస్తారు? తీశాక ముఖం ఎలా ఉంటుంది?

క్యాన్సర్ ఎముకను తాకి, పెంకు దగ్గరే ఉంటే దవడ కింది అంచు ఉంచి పై భాగం మాత్రమే తీయవచ్చు. మజ్జలోకి దిగితే ఆ ముక్క మొత్తం తీయాలి, సాధారణంగా అటూ ఇటూ ఒక సెంటీమీటరు మంచి ఎముకతో కలిపి. లోపల క్యాన్సర్ దీవులు ఎంతదూరం వెళ్లాయో కంటికి కనిపించదు కాబట్టే ఈ జాగ్రత్త. ఖాళీ అయిన చోట కాలి ఫిబ్యులా ఎముకను దాని రక్తనాళాలతో సహా తెచ్చి, వంపు తిప్పి ప్లేట్లతో బిగిస్తారు. దవడకు ఈ పద్ధతిని 1989లో అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో చూపించారు. నడవడానికి ఫిబ్యులా తీసిన కాలు సరిపోతుంది. హైదరాబాద్, విశాఖపట్నం పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ జరుగుతోంది. మీ కేసుకు ప్రభుత్వ ఆరోగ్య పథకం (తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ) వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆ పథకం సహాయ కేంద్రంలో ముందే అడగండి.

ఎముక కరగకుండా ఆపే మందులున్నాయి కదా, అవి ఇస్తే ఆపరేషన్ అవసరం ఉండదా?

అడగాల్సిన ప్రశ్నే ఇది. ర్యాంక్‌ఎల్‌ను పట్టేసే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ 2010లో అమెరికాలో అనుమతి పొందింది. ఆస్టియోక్లాస్టులను చంపే జోలెడ్రోనిక్ యాసిడ్ అంతకు ముందునుంచే ఉంది. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎముకలకు పాకినప్పుడు వీటిని వాడతారు. ఎలుకల్లో నోటి క్యాన్సర్ కణాలు పెట్టి ఆస్టియోక్లాస్టులను ఆపితే దవడ ఎముక నష్టం తగ్గింది.

మనుషుల్లో నోటి క్యాన్సర్‌కు ఇది ఆపరేషన్ స్థానంలో నిలబడే వైద్యం కాదు. ఆస్టియోక్లాస్టు ఆగినా క్యాన్సర్ మెత్తటి కణజాలంలో, మెడలోని లింఫు గడ్డల్లో తన దారిన తాను పెరుగుతూనే ఉంటుంది. పైగా ఈ మందులకు దవడతోనే చిక్కుంది. వీటివల్ల దవడ ఎముక చచ్చిపోయి బయటపడవచ్చని 2003లో రాబర్ట్ మార్క్స్ అనే సర్జన్ మొదట హెచ్చరించారు. ముఖ్యంగా పన్ను పీకిన తర్వాత ఇలా అవుతుంది. రేడియేషన్ పడబోయే దవడకు ఇది ఇంకా ప్రమాదం.

మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్ మాత్రలు రాశారు. సెలికాక్సిబ్ కీళ్లనొప్పుల మాత్ర కదా?

అవును, అదే. ఆపరేషన్‌కు వీలుకాని, తిరగబెట్టిన నోటి, గొంతు క్యాన్సర్లకు ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు ఈ జంటను పరీక్షించారు. వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు, రోజుకు రెండుపూటలా సెలికాక్సిబ్. 2020లో ప్రచురితమైన ఫలితాల్లో మాత్రలు తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది దాటినది) 7.5 నెలలు, మూడు వారాలకోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లది 6.1 నెలలు. దుష్ప్రభావాలు కూడా మాత్రల్లోనే తక్కువ. ఖర్చు చాలా తక్కువ కావడం మన కుటుంబాలకు పెద్ద ఊరట.

సెలికాక్సిబ్ ఆపేది కాక్స్-2ను. పైన చెప్పిన ప్రోస్టాగ్లాండిన్-ఇ2 పుట్టేది అక్కడే, అది పెంచేది ర్యాంక్‌ఎల్‌ను. ఎముక నొప్పి తగ్గడానికి ఆ మాత్ర ఎందుకు తోడ్పడవచ్చో ఇక్కడ కనిపిస్తోంది. మెథోట్రెక్సేట్ పుట్టిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనను నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ మాత్ర వేసుకునే ప్రతి తెలుగు కుటుంబానికీ ఆ పేరు తెలియాలి.

రక్తంలో కాల్షియం పెరిగిందన్నారు. ఎముక కరగడం వల్లేనా?

కొంతవరకే. దవడలో కరిగే ఎముక చిన్నది, అంతమాత్రానికి రక్తంలో కాల్షియం పెద్దగా పెరగదు. క్యాన్సర్ విడుదల చేసే పీటీహెచ్‌ఆర్‌పీ రక్తంలో కలిసి ఒళ్లంతా ఉన్న ఎముకల మీద, మూత్రపిండాల మీద పనిచేస్తుంది. విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత, తికమక మాటలు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సెలైన్, జోలెడ్రోనిక్ యాసిడ్‌తో తగ్గించవచ్చు.

బయాప్సీ చేస్తే క్యాన్సర్ ఎముకలోకి పాకుతుందని బంధువులు అంటున్నారు.

పాకదు. పాకేది ఆలస్యం చేస్తే.

ఆపరేషన్ అయ్యాక ఎముక రిపోర్టు రావడానికి అన్ని రోజులెందుకు?

మెత్తటి ముక్కను రెండు మూడు రోజుల్లో చూసేయవచ్చు. ఎముకను బ్లేడుతో పలచగా కోయలేం. ముందు దాన్ని ఫార్మిక్ యాసిడ్‌లోనో, ఈడీటీఏ ద్రావణంలోనో నానబెట్టి కాల్షియం తీసేయాలి. ముక్క మందాన్ని బట్టి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తొందరపడి గాఢమైన ఆమ్లం వాడితే కణాలు పాడై క్యాన్సర్ ఉందో లేదో చెప్పలేని పరిస్థితి వస్తుంది. ఆపరేషన్ బల్ల మీదే ఎముక అంచును అప్పటికప్పుడు తేల్చి చెప్పడం కుదరకపోవడానికీ కారణం ఇదే.

రిపోర్టు చేతికొచ్చాక మూడు సంగతులు అడగండి: కోసిన ఎముక అంచుల్లో క్యాన్సర్ ఉందా, మజ్జలోకి దిగిందా పెంకు దగ్గరే ఆగిందా, నరం చుట్టూ ఉందా. ఆ తర్వాత రేడియేషన్ ఇవ్వాలా, దానితో సిస్‌ప్లాటిన్ కలపాలా అన్నది వీటితోపాటు మెడ గడ్డల రిపోర్టు చూసి నిర్ణయిస్తారు. రేడియేషన్ పడేట్టయితే ఆపరేషన్ నుంచి ఆరు వారాల లోపు మొదలయ్యేలా చూసుకోవాలి. కాబట్టి ఎముక రిపోర్టు కోసం ఎదురుచూస్తూనే రేడియేషన్ విభాగంలో పేరు నమోదు చేయించి, పళ్ల పరీక్ష కూడా ముగించి పెట్టుకోండి.